అట్టపెట్టెకి మెరుపులు అద్దకండి

పై వీడియోలో చూసిన బుట్ట కొన్నది కాదు. నీళ్ళ బాటిళ్ళు వచ్చిన అట్టపెట్టెలతో మా ఇంట్లో చేసింది. ఎట్లా చేశామో చెప్పే ముందు ఒక మాట సూటిగా చెప్పాలి.

మా ఎత్తిపోతల దగ్గర చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకిద్ది. సెలవు రోజుల్లో జనం బాగా వస్తారు. వాళ్ళకి కావలసిన బాటిళ్ళు, చిప్స్, బిస్కెట్లు అన్నీ అట్టపెట్టెల్లోనే దిగుతాయి. సాయంత్రానికి పెట్టెలు ఖాళీ. కొన్ని పాత సామాన్ల వాళ్ళకి పోతాయి, కొన్ని తగలబెడతారు. గాలికి వాగులో పడినవి చివరికి కృష్ణలోకే.

అందుకే ఇంట్లో వాడుకోండి అంటాం. కానీ ఫోన్లో కనిపించే వీడియోల్లో అట్టకి తళుకు కాగితం అంటించి, ఆయిల్ పెయింట్ వేసి, ప్లాస్టిక్ టేపు చుట్టి "వేస్ట్ నుంచి బెస్ట్" అంటున్నారు. నేను ఒప్పుకోను. అట్టపెట్టె అంటే రెండు కాగితాల మధ్య మడతల కాగితం, పిండి జిగురుతో అతికించింది. మట్టిలో కలిసిపోయే వస్తువు. దానికి ప్లాస్టిక్ అద్దితే మిల్లుకీ పనికిరాదు, మట్టికీ పనికిరాదు. రెంటికీ చెడ్డ రేవడి!

మన పెద్దవాళ్ళకి ఈ పని ఎప్పుడో తెలుసు. చిల్లులు పడిన చేటకి మెంతులు, కాగితం కలిపి రుబ్బి పూసేవాళ్ళు గుర్తుందా? మా బుట్ట కూడా అదే పద్ధతి. టేపు, పిన్నులు తీసేసి, అట్ట చిన్నగా చింపి రెండు రోజులు నానబెట్టండి. రాత్రి నానేసిన రెండు గుప్పిళ్ళ మెంతులు రుబ్బి, నీళ్ళు పిండేసిన అట్టతో కలిపి రోట్లో మెత్తగా దంచండి. బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి, వేలు మందాన మెత్తండి. ముందు నీడన, తర్వాత ఎండలో బాగా ఆరాక గిన్నె తీసేయండి. వెల్లుల్లి, ఉల్లిపాయలు, విత్తనాల పొట్లాలకి బాగుంటది. తడి తగలనీయొద్దు. అట్ట మీద అచ్చు రంగులుంటాయి కాబట్టి పప్పు, పిండి నేరుగా పోయొద్దు.

"అమ్మితే నాలుగు రూపాయలు వస్తాయిగా" అంటారేమో. ఎక్కువుంటే అమ్మండి, తప్పేం లేదు, అదీ మళ్ళీ కాగితమే అయిద్ది. తడిసినవి, చిరిగినవి పెరట్లో వంగ, టమాటా మొక్కల మధ్య ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేట్టు పరిచి, తడిపి, పైన ఆకులు కప్పండి. ఆచ్ఛాదన అయిద్ది, కలుపు అణిగిద్ది, తేమ నిలిచిద్ది. అట్టలో నత్రజని దాదాపు ఉండదు, అందుకని జీవామృతం గానీ పేడనీళ్ళు గానీ పోయాలి. మొదలుకి జానెడు దూరం వదలండి. చెదలు ఉన్న చోట, ఇంటి గోడల పక్కన మాత్రం వద్దు.

ఏ వస్తువు చేసినా "ఇది పాడైతే ఎక్కడికి పోయిద్ది?" అని ముందే అడగండి. మా బుట్ట విరిగితే నానబెట్టి పాదులో వేస్తాం. దానికి వేరే చెత్తబుట్ట అక్కర్లేదు.

మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ మెంతుల గుజ్జులో ఇంకేం కలిపేవాళ్ళో అడిగి మాకూ చెప్పండి. తర్వాత వీడియోలో అదీ చేసి చూద్దాం.