ఎవరి దుకాణం? ఎవరి అభిప్రాయం?

తాగుడు చోటు మీద విమర్శ వ్యాసమేమిటని ముక్కున వేలేసుకునే మిత్రులకు ముందుగా ఒక మాట. తెలుగు నాటకంలోని అత్యుత్తమ సంభాషణలు కొన్ని సారా దుకాణంలో పుట్టాయి. వాటిని పుట్టించినవాడు గురజాడ గనక మనం వాటిని క్లాసులో భక్తితో పాఠం చెబుతాం. చెప్పి బయటికొచ్చి, అలాంటి దుకాణం పక్కనుంచి ముక్కు మూసుకుని పోతాం. ఈ రెండు పనులకూ ఎక్కడా పొత్తు లేదు.

ఈమధ్య విశాఖపట్నంలో పబ్బులు వెలిశాయి. నున్నటి కర్రగోడలు, మసక దీపాలు, పక్కవాడి మాట వినపడనివ్వని సంగీతం. వీటిని గురించి చదువుకున్నవాళ్ళు గంభీరంగా అభిప్రాయాలు వెలిబుచ్చుతున్నారు. మా స్టాఫ్ రూములోనే రోజూ వింటాను. పాత బారులో సర్వరు పేరు పెట్టి పలకరించేవాడట, ఇప్పుడు కుర్రకారు చేరి ఆ మర్యాద చెడగొట్టారట. అసలు ఇంగ్లీషు పబ్బంటే ఇది కాదట, అక్కడ దొరా కూలీ ఒకే బల్ల దగ్గర కూచుంటారట. ఈ అభిప్రాయాల్లో కుర్చీ ఉంది, దీపం ఉంది, పలకరింపు ఉంది. తాగేవాడెవడు, వాడి కూలెంత, వాడు ఎవరితో ఏం మాట్లాడతాడు అన్న ప్రశ్న మాత్రం లేదు.

ఆ ఒకే బల్ల కథ శుద్ధ అబద్ధం. బోల్టన్ అనే మిల్లుల పట్టణంలో కొందరు పరిశీలకులు పబ్బుల్లో కూచుని, ఎవరు ఎక్కడ కూచుంటున్నారో, గ్లాసు ఎంతసేపట్లో ఖాళీ చేస్తున్నారో లెక్కలు రాసుకున్నారు. 1943లో అది పుస్తకంగా వచ్చింది. కూలివాళ్ళు తాగే గది వేరు, అందులోకి ఆడవాళ్ళు పోకూడదు. మెత్తటి సీట్ల గది వేరు, అక్కడ అదే బీరుకు ధర ఎక్కువ. ఒకే కప్పు కింద రెండు వర్గాలన్నమాట. 1946లో జార్జ్ ఆర్వెల్ తన మనసుకు నచ్చిన పబ్బును ఒక పత్రికలో ముచ్చటగా వర్ణించి, చివరికి అలాంటిది ఎక్కడా లేదని తేల్చేశాడు. 1979లో మొదలైన ఒక పబ్బుల కంపెనీ ఆ లేని పబ్బు పేరు తీసుకుని తన దుకాణాలు కొన్నిటికి తగిలించింది. పెట్టుబడికి జ్ఞాపకాలు కూడా సరుకే. నా సహోద్యోగి బెంగపడుతున్నది ఆ సరుకు కోసమే.

ఆ వర్గ విభజననే తెల్లవాళ్ళు ఓడెక్కించి మన ఊరికి తెచ్చారు. వాల్తేరు క్లబ్బు 1883లో పెట్టుకున్నది వాళ్ళు, తమకోసం. 1933లో రేవు తెరిచారు. ఆ రేవులో బరువులు మోసిన కళాసీ తాగడానికి ఏ క్లబ్బుకీ పోలేదు, తాటాకు పాకకు పోయాడు. అంచేత విశాఖపట్నానికి సంప్రదాయమైన పబ్బు ఏదని ఎవరైనా నన్నడిగితే కల్లుపాక అంటాను. దాని స్వభావం ఎలా మారిందన్నదే అసలు చర్చ.

'కన్యాశుల్కం'లో దుకాణం గుర్తు చేసుకోండి. బైరాగి ఉన్నాడు, హవల్దారు ఉన్నాడు, హెడ్ కనిస్టీబు ఉన్నాడు, వీరేశ, మనవాళ్ళయ్య ఉన్నారు. శివుడు గొప్పా విష్ణువు గొప్పా అని తగాదా పడతారు, కోతలు కోస్తారు, వేదాంతం చెబుతారు. మతమూ సర్కారూ ఒకే చోట కూచుని నోరు జారుతున్నాయి. ఈ సన్నివేశాన్ని వట్టి హాస్యమని తీసిపారేసే పండితులతో నేను ఏకీభవించను. వీధిలో మొహాలు బిగించుకుని తిరిగేవాళ్ళ నిజస్వరూపం బయటపడ్డానికి నాటకకర్తకు ఒక చోటు కావలసివచ్చింది. ఆ చోటు అగ్రహారం అరుగు కాలేకపోయింది.

తరవాత ఆ చోటే పోయింది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. విశాఖపట్నం అప్పుడు అందులోదే. గీత కార్మికుల నోటి దగ్గర కూడు పోయింది. ఈ నిషేధం సమస్య మీదనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. అయినా చట్టం కదల్లేదు, సారా కూడా ఆగలేదు. రావిశాస్త్రి ఈ ఊళ్ళోనే ప్లీడరీ చేస్తూ 'ఆరు సారా కథలు' రాశాడు. వాటిలో సారా ఉంది, పోలీసులున్నారు, ప్లీడర్లున్నారు, కోర్టుంది. నలుగురు కూచుని మాట్లాడుకునే దుకాణం లేదు. 'మాయ' కథలో ముత్యాలమ్మ న్యాయం గుట్టు విప్పేది కల్లుపాకలో కాదు, కుర్ర ప్లీడరు దగ్గర. గురజాడ నాటి తోట రావిశాస్త్రి నాటికి కేసు కాగితమైపోయింది. ఒక సాంఘిక స్థలం ధ్వంసమైన తీరును ఈ రెండు రచనలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మన విమర్శకులు ఆ పని చేయకపోవడం విచారకరం.

నిషేధం ఎత్తేశాక చోటు తిరిగి రాలేదు, సరుకు మాత్రం వచ్చింది. వేలం పాటలొచ్చాయి, కంట్రాక్టర్లొచ్చారు. 1980లలో వారుణివాహిని పేరుతో సారా ప్లాస్టిక్ సంచిలోకెక్కింది. మూల కొరికి, నిలబడి, ఒక్క గుక్కలో పీల్చేసి పోవడమే. పాకలో కూచున్నవాడు కల్లుతోబాటు కబురూ తాగేవాడు. సంచి పట్టుకున్నవాడికి ఆ పని లేదు. సర్కారుకు ఆదాయం, కంట్రాక్టరుకు లాభం, ఇంటికి శూన్యం.

ఇక్కడ నన్నొక ప్రశ్న అడగాలి, అడిగే హక్కు ఆడవాళ్ళది. "పాకలో కబుర్ల గురించి తెగ చెబుతున్నావు. ఆ కబుర్ల ఖర్చెవరు భరించారు?" నిజమే. పాకలో కూచున్నవాడు మగవాడు, పస్తున్నది ఇంట్లో వాళ్ళు. కల్లుపాకను స్వర్ణయుగం చేసి పాడే హక్కు నాకు లేదు, నేనలా పాడను. పైగా ఈ రాష్ట్రంలో దుకాణం స్వభావాన్ని నిజంగా మార్చిన అభిప్రాయం తాగేవాడిది కానే కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో సారా నిషేధించారు, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం పెట్టారు. దుకాణంలో ఏనాడూ కూచోనివాళ్ళ అభిప్రాయం అది. అయినా బిల్లు చెల్లించింది వాళ్ళే గనక అసలైన ఖాతాదారులు వాళ్ళే. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించినప్పుడు వాళ్ళ అభిప్రాయం ఎవరడిగారు?

ఇంగ్లండులోనూ జరిగింది ఇటువంటిదే. పెద్ద బీరు కంపెనీలు చప్పటి బీరు అంటగడుతున్నాయని 1971లో తాగేవాళ్ళు సంఘం పెట్టుకుని పోరాడారు. 2011 నాటి చట్టం ప్రకారం అక్కడ ఒక పేట జనం తమ పబ్బును ఊరుమ్మడి ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. యజమాని దాన్ని అమ్మదలిస్తే, కొనుక్కోడానికి డబ్బు పోగుచేసుకునేందుకు ఆ జనానికి ఆర్నెల్ల గడువుంటుంది. కొనుగోలుదారుగా చెప్పిన అభిప్రాయాన్ని యజమాని నవ్వుతూ వింటాడు. సంఘంగా చెబితే ఆ నవ్వు మాయమవుతుంది. దూబగుంట ఆడవాళ్ళకిది ఏ లండను పుస్తకమూ చదవకుండానే తెలుసు.

ఇప్పటి సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019లో రాష్ట్రంలో మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు చేతికిచ్చింది. ప్రతి మార్పులోనూ చర్చించింది సీసా ధర, సీసా మీద పేరు, లైసెన్సు రుసుము. షిఫ్టు దిగిన మనిషి ఎక్కడ కూచోవాలన్నది ఏ పార్టీ చర్చించలేదు. మన పార్టీలు కూడా.

ఇది చిన్న విషయమనే కామ్రేడ్లను కూర్మన్నపాలెం తీసుకుపోతాను. ఉక్కు ఫ్యాక్టరీని అమ్మాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించాక, ఫిబ్రవరి నుంచి అక్కడ దీక్షా శిబిరం వేశారు. కార్మికుడు డబ్బివ్వకుండా గంటల తరబడి కూచుని, పక్క డిపార్టుమెంటు వాడితో, కంట్రాక్టు కూలీతో, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళతో తన బతుకు మాట్లాడుకోడానికి ఒక షామియానా దొరికింది. ఆ చోటు కోసం ఫ్యాక్టరీకే ఆపద రావలసివచ్చింది. కార్మిక సంఘాలు బోనసు అడుగుతాయి, క్వార్టర్లు అడుగుతాయి, క్యాంటీను అడుగుతాయి. కంట్రాక్టు కూలీ, వాడి భార్యా పని దిగాక కూచునేందుకు గాజువాకలో, మల్కాపురంలో, జ్ఞానాపురంలో ఒక్కొక్క పెద్ద గది, ఒక పత్రిక, ఒక టీ పొయ్యి ఎందుకు అడగవు? మద్యం మీద వచ్చే పన్నులో పిసరంత చాలదా?

ఇక కథకులకు. రావిశాస్త్రి కోర్టులో నిలబడి విన్నాడు. ఇప్పటి కథకుడు పబ్బులో సంగీతం ఎక్కువైందని రాసుకుంటున్నాడు. ఆ చెవి పట్టుకెళ్ళి గాజువాక మద్యం దుకాణం ఊచల ముందు వరసలో పెట్టమనండి. అక్కడా అభిప్రాయాలున్నాయి: సరుకు మీద, ధర మీద, ఈ వారం కూలిలో మేస్త్రీ కోసుకున్నదాని మీద.