గుండెదడకి ‘గ్యాసే’ జవాబా?

నలభై అయిదేళ్ల స్త్రీ గుండెదడగా ఉందంటే మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబులు రెండు. ‘గ్యాస్’ అనేది ఒకటి, ‘ముట్లుడిగే వయసు కదమ్మా’ అనేది రెండోది. ఈ రెండూ అబద్ధాలు కావు. చిక్కల్లా అక్కడే ఉంది.

కడుపుకీ గుండెదడకీ సంబంధం ఉందని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రోమ్‌హెల్డ్ 1912 నాటికే రాశాడు. కడుపు ఉబ్బితే, దానికీ గుండెకీ మధ్యనున్న కండరపు పొర పైకి జరుగుతుంది. రెండింటికీ పోయే వేగస్ నరం మీద కూడా ఆ ప్రభావం పడుతుంది. తిని నడుం వాల్చగానే దడ రావడం, లేచి కూచుంటే నాలుగు త్రేన్పులొచ్చి నెమ్మదించడం మనలో చాలామందికి తెలిసిన సంగతే. హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్లా దడ వస్తుంది. కాబట్టి ఆమె ఊహించుకుంటోందనీ, నరాల బలహీనత అనీ కొట్టిపారేసే వాళ్ల మాట పక్కన పెడదాం.

మరి ఆ గ్యాస్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అందరికీ పెట్టి మూడింటికి తినడం, ఆకలేసినప్పుడల్లా టీతో సరిపెట్టడం, వారానికి రెండు ఉపవాసాలు, పదింటికి అంట్లు తోమి, తిన్నది అరక్కముందే పడుకోవడం. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు. ఇంటిపనిలో చెయ్యేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. ‘వేళకి తినండి’ అనే డాక్టరుగారికి ఈ లెక్కతో పనిలేదు.

ఇంతకంటే ప్రమాదం, పరీక్ష చెయ్యకుండానే గ్యాస్ అని తేల్చేయడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైతే గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. ముట్లుడిగే ముందు కొందరికి రక్తస్రావం విపరీతంగా పెరుగుతుంది కూడా. అలాంటి మనిషి నెలల తరబడి గ్యాస్ బిళ్ళలు మింగితే? కడుపులో ఆమ్లం తగ్గి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. అంటే దడకని ఇచ్చిన మందే దడ పెంచుతుందన్నమాట! థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. అసలు గుండెజబ్బే కావచ్చు. స్త్రీలకి గుండెపోటు ఒక్కోసారి ఆయాసంగా, వాంతిగా, కడుపు పైభాగంలో నొప్పిగా వస్తుంది.

దడ అన్న ప్రతి స్త్రీనీ పరీక్షలకి పంపితే ప్రైవేటు ఆస్పత్రులకి పంటే కదా అని అడగవచ్చు. ఆ భయం సబబే. కానీ మనం అడుగుతున్నది యాంజియోగ్రాం కాదు. నాడి చూడటం, ఒక ఇ.సి.జి., హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు. ప్రభుత్వాస్పత్రిలో వీటిని అడిగి చేయించుకోవడం రోగి హక్కు. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఇంట్లో వాము నములుతూ కూచోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అన్నీ చూశాక గ్యాసేనని తేలితే మంచిదే. అప్పుడు రాత్రి ఎనిమిదింటికల్లా ఆమె భోజనం అయిపోవాలి. ఆ తర్వాత వచ్చేవాళ్లకి ఎవరు వడ్డిస్తారో ఇంట్లో కూచుని తేల్చుకోవాలి.