కంప్యూటర్‌లో మంచి నిఘంటువు

భాషాభ్యాసం చేసే విద్యార్థికి నిఘంటువు నిత్యావసరం. ఒకప్పుడు అది గ్రంథాలయంలోని బరువైన పుస్తకం. నేడది బల్లమీది కంప్యూటర్‌లోకి చేరింది. 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ నిఘంటువును, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము'ను 'ఆంధ్రభారతి' వెబ్‌సైటులో క్షణాలలో వెదకవచ్చు. గోల్డెన్‌డిక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో నిఘంటువుల ఫైళ్లు చేర్చుకుంటే, ఇంటర్నెట్ లేనిచోట కూడా అర్థాలు చూసుకోవచ్చు. ఇది గొప్ప సౌకర్యమే. అయితే పదాల సంఖ్యను చూసి మాత్రమే నిఘంటువును ఎంచుకోరాదు. తెలుగు స్వభావాన్ని ఎరిగినదే మనకు మంచి నిఘంటువు.

తెలుగులో పదం ఒకే రూపంలో నిలవదు. పాఠంలో 'గుళ్లో' అని ఉంటుంది. నిఘంటువులో 'గుడి' అని ఉంటుంది. పాఠంలో 'చేశాడు' అని చదువుతాం; నిఘంటువులో 'చేయు' అని వెదకాలి. ఒక్కొక్క క్రియకు వందలకొద్దీ రూపాలుంటాయి. సంధి కలిసిన పదాల సంగతి చెప్పనక్కరలేదు. టైపు చేసిన అక్షరాలను మాత్రమే పోల్చే సాఫ్ట్‌వేరు 'పదం దొరకలేదు' అంటుంది. ఆ పదం తెలుగులోనే లేదేమోనని విద్యార్థి భ్రమపడతాడు.

రెండవ చిక్కు పాత వర్ణక్రమం. 'అతడు' అనే అర్థంలోని 'వాడు' ప్రాచీన నిఘంటువులలో అరసున్నతో 'వాఁడు' అని కనిపిస్తుంది. పువ్వు 'వాడు' అన్నప్పుడు అరసున్న లేదు. 'గుర్రము' అక్కడ 'గుఱ్ఱము'. ఈ భేదాలను గుర్తించి, రెండు రూపాలనూ చూపే సాఫ్ట్‌వేరు కావాలి.

మూడవది కాలభేదం. ప్రాచీన కావ్యాలలో 'కంపు' అంటే పరిమళమని కూడా అర్థం. నేడది దుర్వాసన మాత్రమే. అర్థం ఏ నిఘంటువు నుండి తీసుకున్నదో, అది ఏ కాలంనాటిదో చెప్పకపోతే విద్యార్థి పద్యాన్ని అపార్థం చేసుకుంటాడు.

కనుక నిఘంటువును ఎంచుకొనే ముందు 'గుళ్లో', 'వాడు', 'కంపు' అనే మూడు మాటలను వెదికి చూడండి. వచ్చిన సమాధానాలను బట్టి దాని యోగ్యత తెలుస్తుంది.

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. కాబట్టి అక్షరాల సమస్య చాలావరకు తీరింది. మిగిలినది వ్యాకరణ సమస్య. దానిని ఇంజనీరు ఒక్కడే పరిష్కరించలేడు. పండితుడు ఒక్కడే పరిష్కరించలేడు. ఇద్దరూ కలిసి పనిచేయాలి. కంప్యూటర్‌నూ తెలుగు వ్యాకరణాన్నీ సమానమైన శ్రద్ధతో నేర్చుకొనే నేటి విద్యార్థులే రేపు ఆ పనికి పూనుకోగలరు. అంతవరకు వెదకిన పదం దొరకనప్పుడు దాని మూలరూపమేదో మనమే ఆలోచించి మళ్లీ వెదకాలి. ఆ ప్రయత్నం కూడా భాషాభ్యాసమే.