సిగ్గు ఉండవచ్చు, ప్రశ్న ఆగకూడదు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్మూరు చుట్టుపక్కల కళ్లాలన్నీ పసుపు మయమే. ఉడికించిన కొమ్ములు ఎండబోయడం, బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తరలించడం - ఇంటిల్లిపాదికీ చేతినిండా పనే. అలాంటి రోజుల్లో ఒక పాతికేళ్ల యువకునికి స్నానం చేస్తుండగా వృషణంలో గట్టి గడ్డ తగిలిందనుకోండి. నొప్పి లేదు. బస్తాలు మోసి నరం పట్టిందేమోనని సరిపెట్టుకుంటాడు. గల్ఫ్‌లో ఉంటే సెలవుపై ఇంటికి వెళ్లాక చూసుకుందామనుకుంటాడు. తల్లికి చెప్పలేడు, భార్యకూ చెప్పడు. వ్యాధి నిర్ధారణకు మొదటి అవరోధం ఈ మౌనమే.

వృషణ క్యాన్సర్ అరుదైనదే. అయితే అది ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే ఇంటికి ఆసరాగా నిలిచే వయసులోనే కనిపిస్తుంది. పసితనంలో వృషణం సంచిలోకి దిగనివారికి ముప్పు మరింత ఎక్కువ.

రెండవ అవరోధం పోలిక. వరిబీజం, ఇన్ఫెక్షన్ వాపు, దెబ్బ తగిలిన వాపు, కణితి - పైచూపుకు ఒకదానిలా మరొకటి ఉంటాయి. కణితి చుట్టూ నీరు చేరితే లోపలి గడ్డ చేతికి అందదు. ఇన్ఫెక్షన్ అనుకుని ఇచ్చిన మందులకు వాపు పూర్తిగా తగ్గకపోతే మళ్లీ అవే మందులు వాడుతూ కూర్చోరాదు. అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించాలి. పసుపు మన పంటే, మన ఇంటి మందే. కాని ఈ గడ్డకు పసుపు పట్టు వేసి నెలలు గడపడం ప్రమాదకరం.

తరువాత రక్త పరీక్షలు. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనేవి ఈ కణితులను సూచించే గుర్తులు. అవి మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేము. ఈ కణితుల్లో సెమినోమా, నాన్-సెమినోమా అని రెండు ప్రధాన రకాలున్నాయి. కేవలం సెమినోమా అయితే ఏఎఫ్‌పీ పెరగదు. కణపరీక్షలో సెమినోమా అని వచ్చినా, ఈ కణితి వల్లనే ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే, వైద్యులు దానిని రెండవ రకంగానే భావించి చికిత్స చేస్తారు. ఎందుకంటే సెమినోమా రేడియేషన్‌కు బాగా లొంగుతుంది, రెండవది అంతగా లొంగదు.

ఇక్కడ కుటుంబాలకు ఒక సందేహం కలుగుతుంది: “సూదితో ముక్క తీసి పరీక్షించకుండానే వృషణం తొలగిస్తారా?” సంచి గుండా సూది గుచ్చితే క్యాన్సర్ కణాలు కొత్త దారిలో వ్యాపించే ప్రమాదముంది. అందుకే గజ్జల వద్ద కోసి వృషణాన్ని పూర్తిగా తీసి, ఆ తరువాతే రకాన్ని నిర్ధారిస్తారు. ఇక్కడ శస్త్రచికిత్సే పరీక్ష కూడా. రెండవ వృషణం ఆరోగ్యంగా ఉంటే దాంపత్యానికి సాధారణంగా లోటుండదు. సంతానం విషయంలో, కీమోథెరపీకి ముందే వీర్యాన్ని భద్రపరచడం గురించి వైద్యులనూ, ధర్మపండితులనూ అడగాలి.

ఆశకు బలమైన కారణమే ఉంది. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తో కూడిన చికిత్స ప్రారంభించాక, శరీరమంతటా పాకిన వృషణ క్యాన్సర్ సైతం నయమవడం మొదలైంది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు 2012లో చికిత్స చేసినది ఆయనే. యువరాజ్ కణితి ఛాతీలో ఏర్పడినదైనా, ఈ జాతికి చెందినదే. అదే సంవత్సరం అతడు తిరిగి భారత జట్టులో ఆడాడు. తొలిదశలోనే గుర్తిస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

హజ్రత్ అలీ (రజి) తన శారీరక విషయమొకటి మహాప్రవక్త (సఅసం)ను అడగడానికి బిడియపడ్డారు. ఆయన ప్రవక్తకు అల్లుడు మరి. అయినా ప్రశ్నను మనసులోనే దాచుకోలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. సిగ్గు విశ్వాసికి అలంకారం. అది వైద్యుని గుమ్మానికి అడ్డుగోడ కారాదు. తండ్రులారా, అన్నలారా! మీ ఇంటి యువకుడు నోరు విప్పలేకపోతే, మీరే అతనికి మిఖ్దాద్ కండి.