గెలిచిన కప్పు, ఆగిన జీతం

2022 మే 21న ఇటలీలోని ట్యూరిన్ నగరంలో, ఫ్రాన్సుకు చెందిన ఒలింపిక్ లియోనే మహిళా ఫుట్‌బాల్ జట్టు బార్సిలోనాను 3-1 తేడాతో ఓడించి యూరప్ చాంపియన్స్ లీగ్ కప్పును ఎనిమిదోసారి గెలుచుకుంది. అంతకు ముందు ఏడాది పారిస్ జట్టుకు కోల్పోయిన ఫ్రాన్సు లీగ్ టైటిల్‌ను కూడా ఆ సీజన్‌లోనే తిరిగి సంపాదించింది. అప్పటి జట్టు కోచ్ సోనియా బొంపాస్టర్. క్రీడాకారిణిగా ఇదే క్లబ్బు తరఫున ఆ కప్పు గెలిచి, కోచ్‌గా కూడా గెలిచిన మొదటి మహిళ ఆమె. ఆడవాళ్లకు ఫుట్‌బాల్ ఏమిటని వెక్కిరించే వాళ్లకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

కానీ గోల్స్ లెక్కల్లో కనిపించని మరో కథ ఆ సీజన్‌లోనే నడిచింది.

సారా బ్యోర్క్ గున్నార్స్‌డొట్టిర్ అప్పట్లో ఐస్‌లాండ్ జాతీయ జట్టు కెప్టెన్‌గా ఉండేది. 2020లో లియోనేలో చేరి, ఆ ఆగస్టులో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కొట్టి క్లబ్బుకు కప్పు తెచ్చిన వాళ్లలో ఒకరు. 2021లో ఆమె గర్భవతి అయింది. క్లబ్బుకు చెప్పి, అనుమతి తీసుకుని స్వదేశానికి వెళ్లింది. ఆ తర్వాత పూర్తి జీతం రావడం ఆగిపోయింది. నవంబరులో కొడుకు పుట్టాడు. ఫ్రెంచి చట్టం ప్రకారమే నడుచుకున్నామని క్లబ్బు వాదించింది.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధన మాత్రం వేరే విధంగా ఉంది. గర్భవతి అయిన క్రీడాకారిణికి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలానికి జీతంలో కనీసం మూడింట రెండు వంతులు ఇవ్వాలని 2021 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. సెలవుకు ముందు ఆమె ఆడలేకపోతే వేరే పని చూపించాల్సిన బాధ్యత కూడా క్లబ్బుదే. ప్రపంచ ఫుట్‌బాల్ క్రీడాకారుల యూనియన్ ఫిఫ్‌ప్రో అండతో సారా ఫిఫాకు ఫిర్యాదు చేసింది. లియోనే కప్పు ఎత్తిన ఆ మే నెలలోనే తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. 82 వేల యూరోలకు పైగా బకాయి వడ్డీతో సహా చెల్లించమన్నారు. ఆ సీజన్ ముగిశాక ఆమె వేరే క్లబ్బుకు వెళ్లిపోయింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. లియోనే వెనకబడిన క్లబ్బు కాదు. మహిళా ఫుట్‌బాల్‌కు డబ్బూ సదుపాయాలూ ఇచ్చి, 2007 నుంచి 2020 దాకా వరుసగా 14 సార్లు దేశ టైటిల్ గెలిపించుకున్న క్లబ్బు. అంతటి చోట కూడా గెలిచి పెట్టే శరీరానికి దక్కిన గౌరవం బిడ్డను మోసే శరీరానికి దక్కలేదు. స్త్రీని విజేతగా మెచ్చుకోవడం వేరు, శ్రామికురాలిగా గుర్తించడం వేరు.

ఈ అనుభవం మనకు కొత్తది కాదు. మన దేశంలో ప్రసూతి ప్రయోజన చట్టం 1961లోనే వచ్చింది. అయినా ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే మహిళా కూలీలకు ఆ చట్టం వర్తిస్తుందని సుప్రీం కోర్టు చెప్పడానికి 2000 దాకా పట్టింది. వాళ్ల పక్షాన నిలబడిందీ ఒక యూనియనే. పేరున్న క్రీడాకారిణి అయినా, మట్టి తవ్వే కూలీ అయినా, ఒంటరిగా అడిగితే హక్కు కాగితం దాటి రాదు.

సారా పోరాటం ఆమె ఒక్కదానిదిగా మిగిలిపోలేదు. నిబంధన ఉండటమే కాదు, అమలు చేయించవచ్చని కూడా అది రుజువు చేసింది. 2024 జూన్ నుంచి ఆ నిబంధనలను మహిళా కోచ్‌లకూ, బిడ్డను దత్తత తీసుకున్న వాళ్లకూ విస్తరించారు.

ఇక ప్రశ్న మన ఇంటి నుంచే మొదలుపెట్టుకోవాలి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మన సంస్థల్లోనే ప్రాజెక్టు గడువు మీద, గౌరవ వేతనం పేరు మీద పనిచేసే కార్యకర్తలు ఎందరో ఉన్నారు. వాళ్ల నియామక పత్రంలో ప్రసూతి సెలవు రాసి ఉందా? తిరిగి వచ్చేసరికి వాళ్ల పని వాళ్లకు ఉంటుందా? నిధులు లేవన్న జవాబును యజమానుల నోట మనం ఒప్పుకోలేదు. మన నోట కూడా ఒప్పుకోకూడదు.