ఆ రెండు రూపాయలు ఎవరు తాగిన్రు?

2015ల ఒక ఆదివారం జనగామ నుంచి మా బావ ఫోన్ చేసిండు. ట్రాక్టర్ కిరాయికి తోలుతడు. "ఏం బామ్మర్ది, ఢిల్లీల పెట్రోలు, డీజిల్ రెండు రూపాయల మీద తగ్గినయని టీవీల చెప్పిన్రు. మా బంకు కాడ తగ్గినట్టే లేదు. గా రెండు రూపాయలు తొవ్వల ఎవడు తాగిండు?" అని అడిగిండు.

జవాబు నాకు తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు. 2015 జనవరి 16న ఢిల్లీలో పెట్రోలు 2.42, డీజిల్ 2.25 తగ్గించిన్రు. అదే అదనుగా మన ప్రభుత్వం పెట్రోలు మీద వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి, డీజిల్ మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. తగ్గింపు బంకు దాకా రాకముందే ఖజానాలో పడ్డది. ఈసారి తిట్టుకోవడానికి సీమాంధ్ర ముఖ్యమంత్రి లేడు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం, మనం గెలిపించుకున్న ప్రభుత్వం.

2012 మే నెల యాది చేసుకోండి. ఆయిల్ కంపెనీలు పెట్రోలు మీద 6.28 పెంచితే ఢిల్లీలో పన్నుతో కలిపి 7.54 పెరిగింది. మన దగ్గర వ్యాట్ 33 శాతం, అంటే 8.35. అప్పుడు మనమందరం ఏమన్నం? ధర పెరిగిన ప్రతిసారి కూర్చున్న కాడనే సర్కారు ఆదాయం పెరిగే పన్ను ఇది, దీన్ని దోపిడీ అనక ఏమంటరు అన్నం. నేనే రాసిన. ఇవ్వాళ దాన్ని మింగేసి ఊకుంటే నాకు నిద్ర పట్టదు.

నిజానికి ఇది పన్ను మీద పన్ను. 2014 నవంబరు నుంచి 2015 జనవరి దాకా కేంద్రం నాలుగు సార్లు ఎక్సైజ్ పెంచింది. పెట్రోలు మీద మొత్తం 7.75, డీజిల్ మీద 6.50. ఆ ఎక్సైజ్ కలిపిన ధర మీద మళ్లీ మన వ్యాట్. క్రూడాయిల్ వంద డాలర్ల పై నుంచి యాభై కిందికి పడిపోతే ప్రపంచమంతా తగ్గింది. నేనుండే డల్లాస్‌లో అప్పుడు గాలన్ రెండు డాలర్ల లోపే ఉండె. లీటరుకు ముప్పై రూపాయల చిల్లర.

అమెరికా గొప్పలు చెప్పడానికి ఇది రాస్తలేను. ఇక్కడి కేంద్రం రోడ్ల నిధి 2008 నుంచి బయటి సొమ్ముతోనే నడుస్తున్నది. కానీ ఒక్క సంగతి చూడండి. టెక్సాస్‌లో గాలన్‌కు 20 సెంట్ల పన్ను, 1991 నుంచి అంతే. దాంట్లో నాలుగో వంతు బడులకు, మూడు వంతులు రోడ్లకు పోవాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉన్నది. 2014 నవంబరులో చమురు, గ్యాస్ పన్నుల నుంచి రోడ్లకు మరి కొంత మళ్లించాలనుకుంటే జనం ఓటు అడిగిన్రు. నాకిక్కడ ఓటు లేదు, అయినా నా సెంట్లు ఎటు పోతయో తెలుసు. జనగామలో మా బావకు ఓటున్నది, లెక్క మాత్రం లేదు.

లెక్క అడగడం మనకు కొత్తా? 1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం రాసింది? తెలంగాణకు ఏడాదికి 5 కోట్ల దాకా ఎక్సైజ్ ఆదాయం ఉన్నది, ఆంధ్రలో కలిస్తే అది తమకు కాకుండా పోతదని ఇక్కడి వాళ్ల భయం అని. కలిసినంక అదే అయింది. ఆ మిగులు ఎంతో, ఎటు పోయిందో తేల్చడానికి 1969లో కుమార్ లలిత్ కమిటీ, తర్వాత భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. మన ఉద్యమంలో సగం ఆ లెక్క కోసమే నడిచింది. ఆ పద్దును ఇప్పుడు మనమే మడిచి మూల పెడ్తమా?

కొత్త రాష్ట్రానికి పైసలు కావాలె, ఒప్పుకుంట. ఆసరా పింఛన్లకు, చెరువుల పూడికకు అని చెప్పి తీసుకుంటే మా బావ కూడా కాదనడు. అడిగి చూసిన, "చెరువు నిండితే ఇంకో రూపాయి ఎక్కువిస్త" అన్నడు. కానీ అట్ల చెప్పలేదు. చెప్పింది వేరే. అప్పటి సచివాలయానికి వాస్తు బాగలేదని, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని అనంతగిరికి పంపి అక్కడ కొత్తది కడ్తమని అప్పుడన్నరు. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఆకాశమంత టవర్లు అన్నరు. దమ్ము తీసుకోలేని టీబీ రోగిని కొండకు తోలి అధికారులకు గదులు కట్టాలనుకున్న సొమ్ములో మా బావ డీజిల్ పైసలు ఎన్ని?

పక్క రాష్ట్రం కూడా లీటరుకు నాలుగు రూపాయలు పెంచింది కదా అని ఒక మిత్రుడు అన్నడు. మనం వేరు పడ్డది వాళ్లతో పన్నుల్లో పోటీకా? ఇంకొకాయన, ఇట్ల రాస్తే తెలంగాణ వ్యతిరేకులు సంబురపడ్తరు అన్నడు. పడనీయండి. లెక్క అడిగితే ద్రోహులన్న మాట మనకు ఇదివరకు ఎవరు చెప్పిన్రో గుర్తున్నది కదా.

2015 మార్చిలో మన రెండో బడ్జెట్ వచ్చింది. అమెరికా వచ్చే మంత్రులకు, ఎమ్మెల్యేలకు మనం హోటళ్లు బుక్ చేస్తం, శాలువాలు కప్పుతం, ఫొటోలు దిగుతం. ఈసారి ఎవరొచ్చినా ముందు ఒక కాగితం చేతిల పెడ్దాం. ఏ జిల్లా బంకుల నుంచి ఎంత వ్యాట్ వచ్చింది, ఆ జిల్లా రోడ్లకు, చెరువులకు ఎంత తిరిగి పోయింది, రెండే కాలమ్‌లు. నింపి ఇయ్యమందాం. శాలువా ఆ తర్వాత కప్పుదాం.