కొలను అవతలి సముద్రం
ఎనిడ్ బ్లైటన్ కల్పించిన మాలరీ టవర్స్ బడికి కార్న్‌వాల్ తీరపు రాళ్ళలో తొలిచిన ఈతకొలను ఉంది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రమే దాన్ని నింపిపోతుంది. 1946లో మొదలైన ఈ 6 నవలల వరసలో ఆఖరిది 1951 నాటి ‘లాస్ట్ టర్మ్ ఎట్ మాలరీ టవర్స్’. చిన్నప్పుడు చదివినవారికి గుర్తుండేది నాయిక డారెల్ బడికి చెప్పే వీడ్కోలే. పెద్దయ్యాక మళ్ళీ తెరిస్తే కథ ఆమెది కాదనిపిస్తుంది. డారెల్ ముక్కోపం ఎప్పుడో అదుపులోకి వచ్చింది. ఇప్పుడామె హెడ్ గర్ల్, తర్వాత చదువు సెయింట్ ఆండ్రూస్‌లో. (ఇంత సవ్యంగా సాగే నాయికతో రచయిత్రికి మాత్రం పనేముంటుంది?) నవల బరువంతా అమాండాది. ఒలింపిక్స్ మీద కన్నేసిన ఆ పిల్లకు బడి కొలను ఇరుకు. ఒక ఉదయం ఒంటరిగా సముద్రంలోకి దిగుతుంది. ప్రవాహం లాక్కెళ్ళి రాళ్ళకేసి కొడుతుంది. చిన్న తరగతి జూన్ పడవ వేసుకెళ్ళి కాపాడుతుంది గానీ, ఒలింపిక్స్ ఆశ అక్కడితో సరి. తండ్రి జబ్బుపడ్డ కబురుతో డారెల్ తోటి విద్యార్థిని గ్వెండొలిన్ కూడా టర్మ్ పూర్తికాకుండానే ఇంటిదారి పడుతుంది. అర్ధరాత్రి విందుల రచయిత్రిగా పేరుబడ్డ బ్లైటన్, ఈ పుస్తకంలో దెబ్బతిన్నవాళ్ళ దగ్గరే ఎక్కువసేపు నిలబడింది. పోటీకి పనికిరాని ఒంటితో అమాండా ఆ ఇరుకు కొలను దగ్గరికే తిరిగొచ్చి, జూన్‌కు ఈతలో మెళకువలు నేర్పుతుంది.